జంఖానాకు ధర కట్టిన చేతులు

1911 నాటి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో ఆదోనికి దక్కినవి నాలుగైదు వాక్యాలే. బళ్ళారి జిల్లాలో ఒక ఊరు, 1901 లెక్కల్లో 30,416 మంది జనం, కొండ మీద శిథిలమైన కోట, పత్తి గింజ తీసి బేళ్ళు కట్టే ఫ్యాక్టరీలు. వీటి పక్కనే తివాచీలు, పట్టు, నూలు బట్టలు ఇక్కడ తయారవుతాయని కూడా రాశారు. అంత చిన్న పరిచయంలోనూ తివాచీని వదిలిపెట్టలేదంటే, ఆ పేరు అప్పటికే ఊరు దాటి వినిపించిందని అర్థం.

ఆదోని తివాచీ అంటే ఏలూరు తివాచీలాగా ముడులు వేసి కుచ్చు లేపిన ఉన్నిది కాదు. నూలు జంఖానా. పెళ్ళి పందిట్లో, పంచాయితీ కట్ట మీద, హరికథ ముందర పరిచే దళసరి చారల గుడ్డ. ఇందులో పడుగు, అంటే నిలువు నూలు, కనబడదు. దాన్ని అడ్డంగా నేసే పేక పూర్తిగా కప్పేస్తుంది. పేకను ఎంత గట్టిగా దట్టిస్తే అంత నూలు పడుతుంది, గుడ్డ అంత కాలం మన్నుతుంది. అందుకే జంఖానా విలువ పొడవు వెడల్పులతోనే తేలదు. ఒకే కొలత ఉన్న రెండు జంఖానాల్లో ఒకటి చేతికి తేలిగ్గా, ఇంకొకటి బరువుగా తగిలితే, రెండోదానిలో నూలూ ఎక్కువే, మనిషి శ్రమా ఎక్కువే. కొలిచి, తూచి, అంచు మడిచి నొక్కి చూస్తే తప్ప అసలు ధర తెలియదు.

ఆ తూకానికీ తనదైన లెక్క ఉండేది. మద్రాసు మణుగుకు ఎనిమిది వీశెలు, అంటే 25 పౌన్లు. ఇరవై మణుగులు ఒక బారువ. మిల్లు నూలు వచ్చాక దానికి నంబర్లు కూడా వచ్చాయి. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని తూగితే నూలుది అన్నో నంబరు. పది చిలపలు తూగితే పదో నంబరు, నలభై తూగితే నలభయ్యో నంబరు. నంబరు తగ్గేకొద్దీ నూలు లావవుతుంది. సన్నని చీరలకు పెద్ద నంబర్లు, జంఖానాలకు చిన్న నంబర్లు.

1871లో మద్రాసు రైలుమార్గం రాయచూరు దగ్గర బొంబాయి వైపు మార్గంతో కలిసింది. దారిలో ఉన్న ఆదోని నల్లరేగడి పత్తికి పెద్ద సంత అయ్యింది. అదే రైలు మిల్లు నూలునూ, మిల్లు బట్టనూ దింపింది. నేతగానికి నూలు కొనే పెట్టుబడి లేని చోట సావుకారే నూలు తూచి ఇస్తాడు. నేసిన గుడ్డను మళ్ళీ తూచి తీసుకుంటాడు. ముందు ఇచ్చిన బదులు పట్టుకుని మిగిలిన మజూరీ చేతిలో పెడతాడు. దేశంలో చేనేత ఉన్న చాలాచోట్ల ఇదే పద్ధతి. పని చేసేవాడు ఒకడు, పనికి వెల చెప్పేవాడు ఇంకొకడు. ఈ ప్రాంతపు నేత చరిత్రలో బాధ కలిగించే సంగతి ఇదే.

కష్టం ఒకరిది, వెల ఇంకొకరిది అనే ఈ పోకడ కరువులో నగ్నంగా బయటపడింది. 1876–78 కరువు బళ్ళారి, కర్నూలు సీమలను తుడిచిపెట్టింది. తిండి లేని ఊళ్ళో జంఖానా ఎవరు కొంటారు? మగ్గాలు ఆగాయి. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని 1877లో ఇండియా ప్రభుత్వం తరఫున కరువు చూడవచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. అది మనిషి బతకడానికి చాలదనీ, కనీసం పౌనున్నర ధాన్యమైనా ఇవ్వాలనీ మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ పోరాడాడు. మనిషి కష్టానికి ధర కట్టడం మీద ఈ నేలను తాకిన వాదాల్లో ఇంత కఠోరమైనది ఇంకొకటి లేదు.

అంతటి విపత్తు లేని రోజుల్లోనూ తివాచీ ధరను కిందికి లాగినవి జైళ్ళు. ఖైదీలతో నేయించిన తివాచీలు చవగ్గా దొరకడంతో వంశపారంపర్య నేతగాళ్ళు దెబ్బతింటున్నారనీ, నమూనాలు దిగజారుతున్నాయనీ జార్జ్ బర్డ్‌వుడ్ భారతీయ హస్తకళల మీద 1880లో ప్రచురించిన పుస్తకంలో మొత్తుకున్నాడు. కూలి ఇవ్వక్కరలేనివాడు చెప్పే ధరతో కూలి మీద బతికేవాడు ఎలా పోటీపడతాడు?

నేతకు వెల కట్టిన తీరు అది. మరి మాసిన జంఖానాను ఉతికినందుకు ఎంత ఇచ్చేవారు? పల్లెల్లో దానికి విడిగా ధరే లేదు. ఊరి పనులు చేసే ఆయగాళ్ళు పన్నెండు మంది, వాళ్ళలో చాకలి ఒకరు. ఏడాదంతా ఉతికినదానికి పంట నూర్చే రోజున కళ్ళంలో మేర, అంటే ధాన్యంలో వాటా, కొలిచేవారు. తడిస్తే మోయలేనంత బరువెక్కే జంఖానా అయినా, పంచె అయినా అదే మేరలో జమ. వాన కురిసి పంట పండితే గింజలు, లేకపోతే లేదు. రేవులో వంగిన నడుముకు ఫలానా పనికి ఇంత అని అడిగే హక్కును ఆ ఏర్పాటు ఇవ్వలేదు.

మళ్ళీ నేతకు వస్తే, ఆదోనికి దగ్గరలోని ఎమ్మిగనూరులో 1938లో పుట్టిన చేనేత సహకార సంఘాన్ని ఇంత వెనకటి కథతో కలిపి చూస్తేనే దాని గొప్పతనం తెలుస్తుంది. మాచాని సోమప్ప దానికి ప్రాణం పోశాడు. తర్వాత ఆయన్ను పద్మశ్రీ వరించింది. సంఘం పద్ధతిలో నూలు సంఘానిది, అమ్మకం సంఘానిది. మజూరీ సభ్యులందరికీ తెలిసిన రేటు ప్రకారం. ఏ గుడ్డకు ఎంత అన్నది మగ్గం ఎక్కకముందే నేతగానికి తెలియడం చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, తరతరాలుగా అతనికి అందనిది సరిగ్గా అదే. మద్రాసులో చేనేత సహకార సంస్థ కో-ఆప్టెక్స్ వచ్చింది 1935లో. మూడేళ్ళకే బళ్ళారి జిల్లా మూలన ఉన్న ఊరు తన సంఘాన్ని తానే నిలబెట్టుకుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు బళ్ళారిని వదిలి కర్నూలు జిల్లాలో చేరాయి.

ఇక ఉతుకుడు సంగతి. ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళలో మిషను తివాచీలు పరుస్తున్నారు. రంజాన్‌కు ముందు మసీదుల్లో, పెళ్ళిళ్ళ కాలంలో హాళ్ళలో ఉతుకుడు పని ఉంటుంది. ఈ పనిలోకి కొత్తగా దిగినవాడు చదరపు అడుగు లెక్కన ధర చెబుతాడు. పన్నెండు అడుగులకు పదిహేను అంటే 180 చదరపు అడుగులు. అడుగుకు పది రూపాయలు అనుకుంటే 1,800. ఫోన్‌లో ఇంతవరకే చెప్పగలడు. నూలు జంఖానా అయితే తడి బరువుకు ఇద్దరు మనుషులు కావాలి, ఆరడానికి ఎండా స్థలమూ కావాలి. నూనె మరక ఉంటే రెండోసారి నురగ పెట్టాలి. అన్నిటికంటే ముందు రంగు చూడాలి. చవక ఎరుపు తెల్ల చార మీదికి దిగిందంటే వచ్చిన కూలి కంటే నష్టపరిహారమే ఎక్కువవుతుంది.

అందుకే పని తెలిసినవాడు హాలు యజమాని "చివరి మాట చెప్పన్నా" అని ఎంత తొందరపెట్టినా నోరు విప్పడు. ముందు టేపు పరుస్తాడు. అంచు మడిచి మందం చూస్తాడు. ఒక మూలన తడి తెల్లగుడ్డ నొక్కి పట్టి, దాన్ని వెలుతురులోకి తెచ్చి ఎరుపు అంటిందో లేదో చూసుకుని, అప్పుడు తన రేటు చెబుతాడు.