తూకానికి అందని ఆకలి: ఖమ్మం–భద్రాచలం ఏజెన్సీలో శిశుపోషణ, ఆటిజం – చారిత్రక పరిశీలన

సంగ్రహం: ఖమ్మం–భద్రాచలం అటవీ ప్రాంతంలో శిశుపోషణ చరిత్ర ప్రధానంగా ఆహార లభ్యత, శిశువు బరువు అనే రెండు అంశాల చుట్టూ సాగింది. ఆహారం ఉన్నా తినలేని ఆటిజం పిల్లలకు ఆ చరిత్రలో దక్కిన స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: శిశుపోషణ, ఆటిజం, కొండరెడ్లు, అంగన్‌వాడీ, భద్రాచలం.

1. రెండు రచనలు, రెండు ప్రశ్నలు

గోదావరి తీరపు కొండరెడ్ల జీవితంపై మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రాసిన గ్రంథం 1945లో వెలువడింది. పోడు పంట నిండుకున్న నెలల్లో జీలుగు చెట్టు, అడవి దుంపలు వంటివి ఆ కుటుంబాలను నిలబెట్టిన తీరు అందులో కనిపిస్తుంది. అక్కడి ప్రశ్న ఇంట్లో తిండి ఉందా, లేదా అన్నది. అంతకు రెండేళ్ల ముందు, 1943లో, అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణిస్తూ ఆటిజాన్ని ప్రత్యేక స్థితిగా గుర్తించాడు. వారిలో పలువురికి శైశవం నుంచే తిండి విషయంలో ఇబ్బందులున్నట్లు నమోదు చేశాడు. అక్కడి ప్రశ్న తిండి ఉన్నా బిడ్డ ఎందుకు తినడం లేదన్నది. ఈ రెండు ప్రశ్నలూ చాలాకాలం వేర్వేరు దారుల్లోనే నడిచాయి.

2. తూకం కేంద్రంగా సాగిన విధానం

1959లో భద్రాచలం ప్రాంతం తూర్పుగోదావరి నుండి ఖమ్మం జిల్లాలో చేరింది. 1975 అక్టోబరు 2న దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ప్రారంభమైంది. అంగన్‌వాడీలో శిశువును తూచి, ఎదుగుదలను పట్టికలో గుర్తించడం ఆ పథకంతోనే స్థిరపడింది. అనంతరకాలంలో బాలామృతం వచ్చింది. గిరిజన పిల్లల కోసం ఇక్రిశాట్ సహకారంతో చిరుధాన్యాల ఆహారాన్ని అందించే గిరిపోషణ భద్రాచలం ఏజెన్సీకీ చేరింది. ఆకలిని కంటికి కనబడే అంకెగా మార్చడం ఈ విధానం సాధించిన గొప్ప ఫలితం. అయితే బిడ్డ ఏ ముద్దను, ఎందుకు తోసేస్తున్నాడో తూకం చెప్పలేదు.

3. లక్షణాలు – పోషణ

ఆటిజం పిల్లల్లో చాలామంది ఆహారపు రంగు, వాసన, మెత్తదనాలను బట్టి కొద్ది రకాలకే పరిమితమవుతారు. కొందరు తెల్లన్నం తప్ప మరేదీ ముట్టరు. అటువంటి బిడ్డ బరువు సరిగానే ఉండి, ఇనుము, విటమిన్లు లోపించవచ్చు. మలబద్ధకం, కడుపునొప్పి మాటల్లో చెప్పలేని బిడ్డలో నిద్రలేమిగానో, మొండితనంగానో బయటపడవచ్చు. దానిని ఆటిజంలో భాగమేనని వదిలేస్తే చికిత్సకు లొంగే బాధ మిగిలిపోతుంది.

దీనికి తల్లి పెంపకాన్ని నిందించడం శాస్త్రసమ్మతం కాదు. గోధుమ, పాలు మానిపిస్తే ఆటిజం తగ్గుతుందన్న ప్రచారానికీ బలమైన ఆధారం లేదు. బాలామృతంలో ఉండేవి గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె. పట్టణంలో ఆ మానిపింపు ఖర్చుతో కూడిన ప్రయోగమైతే, అటవీ గ్రామంలో అది బిడ్డకు అందుతున్న పోషణనే తీసివేయడమవుతుంది.

4. ఒకే పత్రంపైకి వచ్చిన రెండు ప్రశ్నలు

1995 నాటి వికలాంగుల చట్టం పేర్కొన్న ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం దానిని పేర్కొంది. 2016 చట్టం 21 వైకల్యాల్లో చేర్చింది. శిశుపోషణ దృష్ట్యా కీలకమైన మలుపు మాత్రం 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. పోషకలోపాలనూ, ఎదుగుదలలో జాప్యాలనూ ఒకే పరీక్షలో చూడాలని అది నిర్దేశించింది.

ముగింపు

ఈ ప్రాంతపు శిశుపోషణ చరిత్రలో మొదటి ప్రశ్న నేటికీ తీరలేదు. రెండవది దాని స్థానంలోకి కాక, దాని పక్కకు రావాలి. అంగన్‌వాడీ నమోదులో బరువుతోపాటు బిడ్డ తినే రకాలు, పూర్తిగా నిరాకరించే రకాలు, పేరుపెట్టి పిలిస్తే స్పందించే తీరు కూడా చేరితే, తూకానికి అందని ఆకలి తొలిసారిగా లెక్కలోకి వస్తుంది.