వలస కవి, అవ్వ భాష: ఎల్ సాల్వడార్ అనుభవం

మాట్లాడేవారంతా చనిపోతేనే ఒక భాష అంతరిస్తుందని మనం అనుకుంటాం. ఎల్ సాల్వడార్ చరిత్ర చదివితే అది పూర్తి నిజం కాదని మీకు తెలుస్తుంది.

మధ్య అమెరికాలోని ఈ చిన్న దేశంలో పిపిల్ ఆదివాసుల భాష నహువత్. మెక్సికోలోని అజ్టెక్‌ల నహువాత్ల్ దీనికి దగ్గరి బంధువు. (మనం కూరలో వేసుకునే టమాటా పేరు ఆ నహువాత్ల్‌లో పుట్టి, స్పానిష్, ఇంగ్లీషుల మీదుగా మనదాకా వచ్చిందే!) 1881-82 చట్టాలు గ్రామాల ఉమ్మడి భూములను రద్దు చేశాయి. ఆ నేలలో చాలా భాగం కాఫీ తోటల యజమానుల పాలయింది. 1929 తరువాత కాఫీ ధర పడిపోయి బతుకు దుర్భరమైన రైతుకూలీలు 1932 జనవరిలో తిరగబడ్డారు. జనరల్ మార్తినెస్ ప్రభుత్వం వారిని ఊచకోత కోసింది. మృతుల సంఖ్యపై అంచనాలు 10,000 నుంచి 40,000 వరకు ఉన్నాయి. ఈ తేడా ఎంత పెద్దదో గమనించండి. చనిపోయినవారిని లెక్కపెట్టవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదన్నమాట.

ఇసాల్కో ప్రాంతంలో ఆదివాసిగా కనబడటమే ప్రమాదమైంది. బతికి బయటపడినవారిలో చాలామంది పిల్లలతో స్పానిష్‌లోనే మాట్లాడసాగారు. బిడ్డలను కాపాడుకోవడానికి తల్లిదండ్రులే తమ భాషను ఇంట్లో ఆపేశారు.

పిపిల్ సంతతికి చెందిన కవి హోర్హే అర్గెతా 1980ల ఆరంభంలో, అంతర్యుద్ధ కాలంలో, అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు వలస వెళ్లాడు. అక్కడ పిల్లల కోసం స్పానిష్, ఇంగ్లీషు రెండింటిలో కవితలు ప్రచురించాడు. భూమాతతో సంభాషణగా సాగే 2006 నాటి పుస్తకంలో, గోధుమరంగు చర్మం ఉన్న ఒక బాలుణ్ణి తోటిపిల్లలు వెక్కిరిస్తారు. అవ్వ చెప్పే పూర్వీకుల జ్ఞానమే అతనికి ఊరట. ఆ బాలుడి పేరు తెత్ల్, అంటే రాయి. నిజానికి ఇది మెక్సికో రూపం. పిపిల్‌లో 'తెత్' అంటారు. దీన్ని పొరపాటని కొట్టిపారేయకండి. ఇంట్లో అరిగిపోయిన మాటను కవి బంధువుల ఇంటినుంచి అడిగి తెచ్చుకున్నాడని నాకనిపిస్తుంది.

2017లో నీటి గురించి వెలువడిన పుస్తకంలో స్పానిష్, ఇంగ్లీషులతో పాటు నహువత్‌కూ చోటు దక్కింది. నీటిని ఆ భాషలో 'ఆత్' అంటారు.

1932లో ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఈ పుస్తకాలు మీకు ఆధారం కావు. ఒక తరం నోరు మూసుకున్నాక, ఆ మౌనాన్ని దాటుకుని మనవల దాకా చేరిందేమిటన్న ప్రశ్నకు మాత్రం ఇవి ప్రాథమిక ఆధారాలు.