క్యాన్సర్ వైద్యానికి ఊరు దాటి వెళ్తున్నారా? ఆస్పత్రి దగ్గర తక్కువ ఖర్చుతో ఉండే దారులివి

క్యాన్సర్ అని తేలగానే కుటుంబానికి మొదట పట్టుకునేది వైద్యం ఖర్చు భయం. ఆరోగ్యశ్రీ ఉంటేనో, సర్కారు దవాఖానాకు వెళ్తేనో ఆ భారం చాలావరకు తగ్గుతుంది. కానీ ఆస్పత్రిలో బెడ్ ఇచ్చేది కొన్ని రోజులే. మిగతా రోజుల గది అద్దె, తిండి, ఆటో ఖర్చులు చేతి నుంచే పెట్టుకోవాలి. ఆ డబ్బు అయిపోయి వైద్యం మధ్యలోనే ఊరికి తిరిగి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. అందుకే డాక్టర్ తేదీ ఇచ్చిన రోజే బస సంగతి కూడా తేల్చుకోవాలి.

అన్ని రోజులు ఎందుకు?

రేడియేషన్ మామూలుగా వారానికి 5 రోజులు ఇస్తారు. చాలా క్యాన్సర్లకు ఇది 5 నుంచి 7 వారాలు సాగుతుంది. రోజూ మెషీన్ మీద పట్టేది కొద్ది నిమిషాలే కాబట్టి అడ్మిట్ చేసుకోరు. అయినా రోజు తప్పకూడదు. ముఖ్యంగా నోరు, గొంతు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో మధ్యలో గ్యాప్ వస్తే వైద్యం ఫలితం తగ్గుతుంది. కీమో అయితే ఎక్కువగా 21 రోజులకు ఒకసారి ఇస్తారు. డాక్టర్ సరేనంటే మధ్యలో ఇంటికి వెళ్లి రావచ్చు.

లెక్క వేసి చూస్తే

ఒక ఉదాహరణ తీసుకుందాం. 6 వారాలంటే 42 రోజులు. లాడ్జి గది రోజుకు 600 రూపాయలు, ఇద్దరికి హోటల్ తిండి 300 అనుకుంటే మొత్తం 37,800. అదే ధర్మశాలలో రోజుకు 100, సొంతంగా వండుకుంటే 150 అనుకుంటే 10,500. తేడా 27,300 రూపాయలు. కూలీ పని మీద బతికే ఇంట్లో వైద్యం పూర్తవడమా, ఆగిపోవడమా అన్నది ఈ తేడా మీదే ఉంటుంది.

ముందు ఎవరిని అడగాలి?

పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్లు ఉంటారు. దగ్గర్లోని ధర్మశాలలు, ట్రస్టుల వసతి గృహాల వివరాలు వాళ్ల దగ్గరే ఉంటాయి. చాలాచోట్ల ఆస్పత్రి లెటర్ లేకుండా గది ఇవ్వరు. కాబట్టి ఫైల్ తయారైన వెంటనే వాళ్లను కలవండి. ఇంకో మాట కూడా డాక్టర్‌ను అడగండి: "ఈ కీమో గానీ, రేడియేషన్ గానీ మా ఊరికి దగ్గర్లో చేయించుకోవచ్చా?" ఉదాహరణకు విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ముంబైలోని టాటా మెమోరియల్ సెంటర్ కిందే నడుస్తుంది. ఉత్తరాంధ్ర వాళ్లు ముంబై టికెట్ కొనేముందు అక్కడ కనుక్కోవడం మంచిది.

హైదరాబాద్‌లో

రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద ఉంది. నాంపల్లి స్టేషన్ దగ్గరే కాబట్టి రైల్లో వచ్చేవాళ్లకు సులువు. నాంపల్లి, లక్డీకాపూల్ చుట్టూ చిన్న లాడ్జీలు చాలానే ఉన్నాయి. వారం, నెల లెక్కన మాట్లాడుకుంటే అద్దె తగ్గించమని అడగొచ్చు. బసవతారకం ఆస్పత్రి బంజారాహిల్స్‌లో ఉంది. అక్కడ గదుల అద్దె ఎక్కువ కాబట్టి బస్సు దొరికే దూరంలో, కాస్త అవతల చూసుకోవడం నయం.

పేషెంట్ చిన్నపిల్లలైతే సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్ల గురించి తప్పకుండా అడగండి. 2006లో ముంబైలో మొదలైన ఈ సంస్థ హైదరాబాద్‌లో కూడా ఉంది. వైద్యం నడిచేటప్పుడు బిడ్డతో పాటు తల్లిదండ్రులకు కూడా ఉచితంగా చోటు ఇస్తారు. కిచెన్ అందరికీ ఉమ్మడిగా ఉంటుంది, వంట ఎవరిది వాళ్లే చేసుకోవాలి. చేరాలంటే ఆస్పత్రి నుంచే రెఫర్ చేయించుకోవాలి.

ముంబై, వేలూరు

ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి పరేల్‌లో ఉంది. దాదర్‌లో గాడ్గే మహారాజ్ ధర్మశాల, పరేల్‌లో నానా పాల్కర్ స్మృతి సమితి రోగులకు తక్కువ రేటుకు చోటు ఇస్తాయి. రద్దీ ఎక్కువ, వెళ్లగానే దొరక్కపోవచ్చు. మొదటి రెండు మూడు రాత్రులకు వేరే ఏర్పాటు చేసుకుని బయల్దేరండి. వేలూరు సీఎంసీ చుట్టూ, గాంధీ రోడ్డు వైపు, రోగుల కోసమే నడిచే లాడ్జీలు ఎన్నో ఉన్నాయి. వంట చేసుకోనిచ్చే గదులు కూడా దొరుకుతాయి. తెలుగు మాట్లాడేవాళ్లు అక్కడ బాగానే ఉంటారు.

మనవాళ్లకు వచ్చే సందేహాలు

"ధర్మశాల అంటే మనల్ని రానిస్తారా?" అని చాలామంది వెనకాడతారు. రోగుల కోసం నడిచే చోట్ల చూసేది ఆస్పత్రి ఫైల్‌నే. లెటర్ పట్టుకుని ధైర్యంగా వెళ్లండి. అయితే చాలా ధర్మశాలల్లో మాంసం, గుడ్లు వండనివ్వరు. అక్కడున్నన్నాళ్లు పేషెంట్ బలం కోసం పప్పు, పెరుగు, పనీర్, సోయా పెట్టవచ్చా అని డైటీషియన్‌ను అడగండి.

నమాజ్ విషయంలో హనఫీ పద్ధతి ప్రకారం ఒకే ఊళ్లో 15 రోజులు, అంతకు మించి ఉండే నియ్యత్ ఉంటే పూర్తి నమాజ్ చదవాలి. తక్కువైతే ఖస్ర్. ఇక ఇంటికి దూరంగా చేతిలో డబ్బు లేకుండా చిక్కుకున్న ముసాఫిర్ కూడా జకాత్ హక్కుదారులైన ఎనిమిది వర్గాల్లో ఒకరు. బస్తీలో జకాత్ పంచేవాళ్లు ఇలాంటి కుటుంబం గది అద్దె గురించి కూడా ఆలోచించాలి. ఎవరికి వర్తిస్తుందో ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు.

రైలు చార్జీ

క్యాన్సర్ వైద్యానికి, చెకప్‌కు వెళ్లే పేషెంట్‌కు స్లీపర్, థర్డ్ ఏసీల్లో చార్జీ పూర్తిగా మాఫీ. తోడు వెళ్లేవాళ్లకు అవే క్లాసుల్లో 75 శాతం తగ్గింపు ఉంటుంది. ఆస్పత్రి సంతకం, ముద్ర ఉన్న కన్సెషన్ ఫారాన్ని రిజర్వేషన్ కౌంటర్‌లో ఇవ్వాలి.

గది తీసుకునే ముందు

* కింది అంతస్తు లేదా లిఫ్ట్, వెస్టర్న్ టాయిలెట్, శుభ్రమైన నీళ్లు ఉన్నాయా చూడండి. కీమో తర్వాత ఇన్ఫెక్షన్ త్వరగా సోకుతుంది కాబట్టి కిక్కిరిసిన హాలు వద్దు.
* నోటి క్యాన్సర్ అయితే జావ, మెత్తటి గంజి చేసుకోవడానికి స్టవ్, మిక్సీ వాడనిస్తారా అడగండి.
* రాత్రి 2 గంటలకైనా ఆస్పత్రికి వెళ్లడానికి బండి దొరకాలి. కీమో నడుస్తుండగా జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగొద్దు.
* ఆస్పత్రి ఫైల్, డాక్టర్ లెటర్, ఇద్దరి ఆధార్, రేషన్ కార్డు, ఫొటోలు, అన్నింటి జిరాక్స్‌లు దగ్గర పెట్టుకోండి.
* ఎంతమందిని ఉండనిస్తారు, ఎన్ని రోజులు, పొడిగించాలంటే ఏం కావాలి అన్నది ముందే తెలుసుకోండి.
* గేటు దగ్గర బ్రోకర్లకు, ఫోన్‌లో మాట్లాడినవాళ్లకు గది చూడకుండా అడ్వాన్స్ పంపొద్దు. కట్టిన ప్రతి రూపాయికి రసీదు తీసుకోండి.