ఆ ఫోటో బెంగాల్ కరువుది కాదు, మన కరువుది!

గూగుల్‌లో 1943 బెంగాల్ కరువు అని కొట్టండి. ఎముకల గూళ్లలా ఉన్న పెద్దవాళ్లు, పిల్లలు గుంపుగా కూర్చుని కెమెరా వైపు చూసే ఫోటోలు కొన్ని తగులుతాయి. చర్చిల్‌ని తిట్టే రీల్స్ నిండా అవే. ఒక పాత ఎపిసోడ్ థంబ్‌నెయిల్‌కి నేను కూడా వాటిలో ఒకటి పెట్టేశాను. తప్పు నాదే.

అవి బెంగాల్‌వి కావు, 1943వీ కావు. 1876-78 నాటి మద్రాసు ప్రెసిడెన్సీ కరువువి. మద్రాసు సైన్యంలో అధికారి విలోబీ వాలెస్ హూపర్ తీసినవి. కరువు మొదలైన తెలుగు సంవత్సరం ధాత, అందుకే దీన్ని ధాత కరువు అన్నారు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయాయి. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి, కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు!

ఫోటో చూస్తేనే కొంత తెలుస్తుంది. అప్పట్లో గాజు పలకల మీద తీసేవాళ్లు, మనుషులు కదలకుండా ఉండాలి. అందుకే ఆకలితో పడిపోయేవాళ్లని కూడా వరసగా కూర్చోబెట్టారు. 1943లో సునీల్ జానా లాంటి వాళ్ల చేతికి చిన్న కెమెరాలు వచ్చేశాయి. వాళ్లు వీధుల్లో తిరుగుతూ తీశారు.

మరి మనం ఏం చేయాలి? ముందు గూగుల్ లెన్స్‌లో వెతకండి. కానీ అక్కడ వచ్చిన మొదటి పోస్టుని నమ్మకండి. లండన్‌లోని వెల్‌కమ్ కలెక్షన్ లాంటి సంస్థ రికార్డు దొరికేదాకా వెళ్లండి. ఎవరు తీశారు, ఎప్పుడు, ఎక్కడ అన్నది అక్కడ ఉంటుంది. "ఫలానా వాళ్లు తీశారని భావిస్తున్నారు" అని ఉంటే, మీరు కూడా అంతే రాయండి. లైసెన్స్ చదవండి. ఫోటో కింద తీసినవాళ్ల పేరు, సంవత్సరం, సంస్థ పేరు పెట్టండి. ఏఐతో రంగులు అద్దితే ఆ సంగతి కూడా చెప్పండి.

ఒక్క ఫోటోకి ఇంత అవసరమా అంటారా? బెంగాల్‌లో లక్షల మంది చచ్చిపోయింది నిజం. దానికి తప్పు ఫోటో అతికిస్తే, "ఇదంతా ఫేక్" అని కొట్టిపారేసే అవకాశం మనమే ఇచ్చినట్టు. ఇంకోపక్క ధాత కరువులో పోయినవాళ్ల గుర్తు కూడా చెరిగిపోతుంది. ఫోటోలో ఉన్నవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. కనీసం వాళ్ల కాలం, వాళ్ల ఊరి వైపు అయినా సరిగ్గా చెబుదాం.

నా పాత థంబ్‌నెయిల్ మార్చేశాను. మీ గ్యాలరీలో ఆ ఫోటో ఉంటే, క్యాప్షన్ మార్చి మళ్లీ షేర్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.