ఆఖరి తెల్ల ఎల్డొరాడో

1976 ఏప్రిల్ 21, బుధవారం. డెట్రాయిట్ నగరం, క్లార్క్ స్ట్రీట్‌లోని క్యాడిలాక్ ఫ్యాక్టరీ. మామూలు రోజుల్లో లైను దగ్గర పనివాళ్లు తప్ప కొత్త మొహం కనపడదు. ఆ రోజు మాత్రం ఎటు చూసినా కెమెరాలు, మైకులు, విలేకరులు. అందరి చూపూ ఒకే కారు మీద.

పేరు ఎల్డొరాడో. ఒళ్లంతా తెలుపు, పైన టాపు తెలుపు, లోపల సీట్ల తోలు తెలుపు. ఆ సీట్ల అంచుల వెంట మాత్రం ఎర్రటి పైపింగు. చక్రాల కప్పులు కూడా తెల్లవే. బానెట్ మీద సన్నగా ఎరుపు, నీలం గీతలు. అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్లు నిండుతున్న సంవత్సరం కదా, కారుకూ జెండా రంగులే వేశారు. నంబరు ప్లేటు మీద అంకెలు లేవు, ‘లాస్ట్’ అన్న మాట ఉంది. అమెరికాలో తయారయ్యే ఓపెన్ టాప్ కార్లలో ఇదే ఆఖరిదని క్యాడిలాక్ దేశమంతా చాటింది.

కారంటే అలాంటిలాంటి కారు కాదు. పొడవు దాదాపు 5.7 మీటర్లు. మన ఆల్టో అటూఇటూగా మూడున్నర మీటర్లే. బరువు 2,300 కిలోల పైమాట. ఇంజను 8.2 లీటర్లు, ఎనిమిది సిలిండర్లు. ముందు అద్దం పైనున్న గొళ్లేలు తీసి స్విచ్ నొక్కితే చాలు, మోటారు పనిచేసి టాపు ఫ్రేము నెమ్మదిగా లేస్తుంది. లేచి, రెండు పక్కల నుంచీ లోపలికి ముడుచుకుంటూ వెనక సీటు వెనక్కి వెళ్లి కూర్చుంటుంది. పాత కార్లలో ఆ ఫ్రేము వెనక సీటు చోటును రెండు పక్కలా తినేసేది. 1971లో జనరల్ మోటార్స్ తెచ్చిన ఈ లోపలి ముడత వల్ల వెనక ముగ్గురు ఇరుకు లేకుండా కూర్చోగలిగారు. ఇంత చక్కటి పనితనం చేతికొచ్చిన అయిదేళ్లకే దాన్ని వదులుకోవాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఎందుకు వదులుకున్నారు? 1965లో అమెరికాలో ఏడాదికి అయిదు లక్షల పైచిలుకు ఓపెన్ టాప్ కార్లు అమ్ముడయ్యాయి. తర్వాత కార్లలోకి ఏసీ వచ్చింది. హైవేల మీద వేగం పెరిగింది. ఆ గాలిలో టాపు తీసి ప్రయాణం చేయడం కష్టమైంది. బోల్తా పడితే పైకప్పు ఎంత బరువు ఆపాలో ప్రభుత్వం నిబంధన పెడుతుందన్న భయం కంపెనీలను పట్టుకుంది. నిజానికి పైకప్పు గట్టిదనం నిబంధన నుంచి ఈ కార్లను మినహాయించారు. కానీ అప్పటికే కంపెనీలు చేతులెత్తేశాయి. 1975తో షెవర్లే కాప్రిస్, బ్యూక్ లెసాబ్ర్, పాంటియాక్ గ్రాండ్ విల్ ఓపెన్ టాప్ మోడళ్లు ఆగిపోయాయి. మిగిలింది ఎల్డొరాడో ఒక్కటే.

ఇక జనం ఎగబడ్డారు. అంతకుముందు ఏడాది 8,950 కార్లు చేసిన క్యాడిలాక్, 1976లో 14,000 చేసింది. చివరి 200 కార్లనూ అచ్చం ఒకేలా తెలుపులోనే తీర్చి, డ్యాష్‌బోర్డు మీద గుర్తుగా ఒక పలక బిగించింది. కంపెనీ ధర 11,049 డాలర్లు. దాని మీద వేల డాలర్లు అదనంగా ఇచ్చి కొన్నవాళ్లున్నారు. కొని నడపకుండా గ్యారేజీలో గుడ్డ కప్పి దాచినవాళ్లున్నారు. పిల్లల చదువులకో, పెళ్లిళ్లకో పనికొస్తుందని మనవాళ్లు జాగా కొని పెట్టుకున్నట్టే వాళ్లు ఈ కారు కొన్నారు.

ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ తాగుతూ, పాశమైలారంలో ఫ్యాక్టరీ రెండో షిఫ్టుకు పోతున్న ఒక ఫిట్టర్‌కు ఈ సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విని ఒకటే అడిగాడు: “గంతమంది ఫొటోలు దిగిన్రు గదా సార్, బండి బిగించినోళ్లు గా ఫొటోలల్ల యాడున్నరు?”

ఆ ప్రశ్నకు వచ్చే ముందు ఈ కథలో ఒక మలుపుంది. ఆఖరిదన్న కారు ఆఖరిది కాలేదు. 1982లో లీ అయకోకా నడిపిస్తున్న క్రైస్లర్ కంపెనీ లెబారన్ ఓపెన్ టాప్‌ను తెచ్చింది. బ్యూక్ రివియెరా కూడా అదే ఏడాది వచ్చింది. 1984 మోడల్‌గా క్యాడిలాక్ తానే మళ్లీ ఓపెన్ టాప్ ఎల్డొరాడోను అమ్మకానికి పెట్టింది. 1976లో కొని దాచుకున్నవాళ్ల గుండె గుభేలుమంది. మోసపోయామంటూ కొందరు కోర్టుకెక్కారు. కేసు నిలవలేదు.

ఇక ఆ ఫిట్టర్ అడిగిన పనివాళ్ల సంగతి. నిజంగా ఆగిపోయింది వాళ్ల ఫ్యాక్టరీ. 1921 నుంచి క్యాడిలాక్‌లు తయారైన క్లార్క్ స్ట్రీట్ ప్లాంటు 1987లో మూతపడింది. ఇస్నాపూర్ మీదుగా పోయే మన 65వ నంబరు జాతీయ రహదారి మీదే, జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ ట్రక్కులతో మొదలైన ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లి, ట్రాక్టర్లు చేస్తూ ఇప్పటికీ నడుస్తోంది. బోర్డు మారినా పని మిగిలింది. క్లార్క్ స్ట్రీట్‌కు ఆ భాగ్యం దక్కలేదు.

దాచిన కార్ల సంగతేమైంది? 14,000 చేశారు, కొన్నవాళ్లలో చాలామంది భద్రంగా దాచారు. అందుకే బాగున్న 1976 ఎల్డొరాడో ఇప్పటికీ సులువుగా దొరుకుతుంది. పెరిగిన ధరలతో లెక్కేస్తే మామూలుగా అప్పుడు పెట్టిన డబ్బు కూడా రాదు. ఇదే పేరుతో 1953లో వచ్చిన మొదటి ఎల్డొరాడో దారి వేరు. ఆ ఏడాది చేసినవి 532 మాత్రమే, ధర 7,750 డాలర్లు. అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణ స్వీకారం చేసిన రోజు ఐసెన్‌హోవర్ ఊరేగింది అందులోనే. దాన్ని దాచుకోమని ఎవరూ ఊదరగొట్టలేదు. ఇవాళ పాత కార్లు సేకరించేవాళ్లు వెంటపడేది దానికోసమే.

పాత కార్ల మీద మోజున్న పాఠకులకు ఒక మాట. మన దేశంలో 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చని వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అని వస్తుంది. రోజువారీ తిరుగుళ్లకు, వ్యాపారానికి వాడకూడదు. ఆ తెల్ల ఎల్డొరాడోలకు 50 ఏళ్లు నిండే సంవత్సరం 2026. ఎవరైనా మీ ముందుకు తెచ్చి ‘ఇదే ఆఖరిది’ అంటే, బేరం మొదలుపెట్టే ముందు డ్యాష్‌బోర్డు మీద పలక ఉందో లేదో చూడండి, ఆ ఏడాది ఎన్ని చేశారో అడగండి.