పల్నాడు శిలలు: భూగర్భ కార్బన్ నిల్వకు యోగ్యత

కర్మాగారాల నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను (బొగ్గుపులుసు వాయువును) పట్టి, లోతైన రాతి పొరల్లోకి ఎక్కించి, తిరిగి పైకి రాకుండా ఉంచడమే భూగర్భ కార్బన్ నిల్వ. ఒక ప్రాంతపు శిలలు ఇందుకు పనికొస్తాయో లేదో తేల్చేది యోగ్యతా అంచనా. సిమెంటు, సున్నం పరిశ్రమలకు నెలవైన పల్నాడులో ఈ వాయువు పుట్టుక ఎక్కువ. అక్కడి రాళ్లకు దాన్ని దాచే గుణం మాత్రం తక్కువ.

వాయువు మూలం

స్వచ్ఛమైన సున్నపురాయిని 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల వాయువు గాలిలో కలుస్తుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లోనూ, మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల సిమెంటు ఫ్యాక్టరీల్లోనూ జరిగేది ఇదే. ఇంధనం మార్చినా ఈ వాటా తగ్గదు. అది రాయిలోంచే వస్తుంది.

అంచనా గీటురాళ్లు

మొదటిది లోతు. సుమారు 800 మీటర్లు దాటితే, 31 డిగ్రీలకు, 74 బార్ల పీడనానికి మించిన స్థితిలో వాయువు ద్రవమంత చిక్కబడుతుంది. నేలపై వెయ్యి ఘనపు మీటర్లు ఆక్రమించేది అక్కడ నాలుగింటిలోపే ఇముడుతుంది. రెండోది, పొరలో సూక్ష్మరంధ్రాలు ఉండాలి, అవి ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. మూడోది, పైన షేల్ వంటి చొరబడనివ్వని కప్పు శిల ఉండాలి. నాలుగోది, పగుళ్లు, పాత బోర్లు లీకుకు దారి ఇవ్వకూడదు. తాగునీటి పొరలకు దూరంగా, ఉప్పునీరున్న పొరలనే ఎంచుకుంటారు.

సామర్థ్యాన్ని లెక్కగడతారు. ఉదాహరణకు 10 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 50 మీటర్ల మందం, 20 శాతం రంధ్రాలున్న ఇసుకరాయి పొరలో ఖాళీ 100 కోట్ల ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 0.6 టన్ను చొప్పున, అందులో 2 శాతమే నిజంగా నిండుతుందనుకుంటే 1.2 కోట్ల టన్నులు పడుతుంది.

పల్నాడు భూగర్భం

పల్నాడు ఉప బేసిన్ కడప బేసిన్‌కు ఈశాన్య భాగం. ఇక్కడ పరుచుకున్న కర్నూలు సముదాయపు శిలలు కోట్ల సంవత్సరాల నాటివి. బనగానపల్లె క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి), దానిపై నార్జి సున్నపురాయి, ఆపై షేల్ పొరలు ఇందులో ముఖ్యమైనవి. మాచర్ల వైపు కొప్పునూరు వద్ద యురేనియం అన్వేషణకు వేసిన బోర్లలో క్వార్ట్‌జైట్ కింద నేరుగా గ్రానైట్ పునాది తగిలింది. అంటే అక్కడ పొరల మందం కొన్ని వందల మీటర్లకు మించదు. 800 మీటర్ల లోతు గీటురాయి దగ్గరే చాలాచోట్ల కథ ముగుస్తుంది. పైగా ఇంత పాత రాళ్లలో ఇసుక రేణువులు సిలికాతో అతుక్కుపోయి రంధ్రాలు మూసుకుపోయాయి.

సున్నపురాయికి ఇంకో చిక్కు ఉంది. కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీరు దాన్ని కరిగిస్తుంది. పిడుగురాళ్ల మండలంలోని గుత్తికొండ బిలం అలా ఏర్పడిన గుహే. 

పొరుగున ఉన్న అవకాశం

తూర్పున కృష్ణా గోదావరి బేసిన్ పరిస్థితి వేరు. అక్కడ కిలోమీటర్ల మందాన పేరుకున్న పొరల్లో గొల్లపల్లి, మండపేట ఇసుకరాళ్లు రంధ్రాలున్నవి. రాఘవాపురం షేల్ కప్పుగా ఉంది. లక్షల ఏళ్లుగా సహజవాయువు పైకి రాకుండా నిలిచి ఉండటమే ఆ కప్పు పటుత్వానికి రుజువు. అయితే బావులను జాగ్రత్తగా పరీక్షించాలి. 1995 జనవరిలో ఇదే బేసిన్‌లోని పాశర్లపూడిలో అదుపు తప్పిన గ్యాస్ బావి 65 రోజులు మండింది.

ఇలాంటి నిల్వ ఇతర దేశాల్లో ఇప్పటికే జరిగింది. నార్వేలో స్లైప్నర్ వద్ద 1996 నుంచి సముద్రం కింది ఇసుకరాతి పొరలోకి ఏటా దాదాపు పది లక్షల టన్నులు ఎక్కించారు. ఐస్‌లాండ్‌లో బసాల్ట్ అనే అగ్నిపర్వత శిలలోకి పంపిన వాయువు రెండేళ్లలోపే 95 శాతానికి పైగా ఖనిజంగా గట్టిపడిందని 2016లో ప్రకటించారు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ దక్కన్ బసాల్ట్‌ను ఈ దృష్టితో పరిశీలించింది. నీతి ఆయోగ్ 2022 నివేదిక దేశ సైద్ధాంతిక సామర్థ్యాన్ని 400 నుంచి 600 గిగాటన్నులుగా పేర్కొంది. క్షేత్ర పరీక్షలు జరిగేకొద్దీ ఇలాంటి అంకెలు తగ్గడం పరిపాటి.

మొత్తం మీద పల్నాడు శిలలు సిమెంటుకు ముడిసరుకే తప్ప వాయువుకు గిడ్డంగి కావు. ఇక్కడి ఫ్యాక్టరీల వాయువును భూగర్భంలో దాచాలంటే దాన్ని పైపులైన్‌లో తూర్పు బేసిన్‌కు తరలించాల్సి ఉంటుంది.