పాలికి దున్నినవాని బిడ్డ



శారదానది మన రాంబిల్లి ప్రాంతమున సముద్రమును చేరుచున్నది. ఈ నేలలో పండిన ధాన్యము ఎవరి గాదెకు పోయెనో పాత కాగితములు చెప్పగలవు. దానిని పండించిన పాలికాపు ఏమి తినెనో, వాని బిడ్డ ఏమయ్యెనో అవి చెప్పవు. నేడు ఆ బిడ్డను గూర్చి నాలుగు మాటలు విన్నవింతును.

1802లో శాశ్వత పరిష్కారము జరిగిన పిమ్మట విశాఖపట్టణము జిల్లాలో అధికభాగము జమీందారుల క్రింద నుండెను. యలమంచిలి ముఖ్యస్థానముగా గల సర్వసిద్ధి తాలూకా మాత్రము ప్రభుత్వ తాలూకా. జమీ భూమికి జమీందారుడును, సర్కారు భూమికి పట్టాదారుడును కలరు. పరుల భూమిని పాలికి దున్నువాడు రెండు చోట్లను కలడు. కాని వానికి పట్టా లేదు. నోటిమాటయే వాని ఆధారము.

కళ్ళములో రాశి పోసిన నాడు మొదట భూస్వామి కోరు కొలువవలెను. తరువాత విత్తనములకు తెచ్చిన ధాన్యమును, దానిపై నాగును చెల్లింపవలెను. కమ్మరికి, వడ్రంగికి మేర లీయవలెను. మిగిలినదే ఇంటికి. వాన తప్పిన యేట అదియును లేదు, అప్పు మాత్రము నిలిచియుండును. అట్టి యింట తాకట్టు పెట్టుటకు మిగిలినది పదియేండ్ల కుమారుడే.

కలవారి బిడ్డకు ఏండ్లు నిండినచో ప్రాయము వచ్చును. పాలికాపు బిడ్డకు తండ్రి బాకీ క్రింద పరుల పశువులను తోలుకొని పోయిన ఉదయమే ప్రాయము వచ్చెడిది. ఏడాది జీతమునకు కుదిరిన వానిని మన వైపు కంబారి యందురు. బాకీ తీరక ఆ యేడాది మఱియొక యేడాదిని కనుచుండెను. కొందఱు యువకులు ఓడయెక్కి రంగము పోయిరి. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమింపగా, అడవి దారుల వెంట కాలినడకన తిరిగి వచ్చుచు అసువులు బాసినవారు పెక్కురు.

చట్టములు రాలేదా యనిన, వచ్చినవి. 1908 నాటి ఎస్టేటు భూముల చట్టము జమీ రైతునకు సాగుహక్కు నిచ్చెను. ఆ రైతు క్రింద పాలికి చేయువానికి ఈయలేదు. 1933లో పదునైదేండ్లు నిండని బిడ్డల శ్రమను తాకట్టు పెట్టు ఒప్పందము చెల్లదని శాసించిరి. కాని అట్టి ఒప్పందము కాగితముపై నున్నదెక్కడ? 1948లో జమీందారీ రద్దు చట్టము రైతులకు పట్టాల దారి తెఱచెను. పాలికాపు వెలుపలనే నిలిచెను. 1956లో కౌలుదారుల చట్టము, 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చినవి. ఈ చివరిదానిలో పదునొకండు నెలల ఒప్పందముపై సాగుదారునకు పత్రము ఏర్పఱచిరి. అందుకు భూస్వామి సంతకము కావలసి యుండెను. భూమి పోవునను భయమున సంతకము చేయనివారే పెక్కురు.

కావున వాని దారిద్ర్యమునకు వానలేమి యొక్కటియే కారణము కాదు. వాని పేరు ఏ కాగితముమీదను లేకుండుట మఱియొక కారణము. బడిపంతులుగా నేనొకటి చూచితిని: అట్టి యింటివాని పేరు మొట్టమొదట వ్రాయబడు కాగితము బడి హాజరుపట్టీయే. కోతల కాలమున ఆ పేరునకు ఎదుట గైరుహాజరు గుర్తులు వరుసగా పడుచుండెను. కోతలు ముగిసిన పిమ్మట కొందఱు వచ్చిరి, కొందఱు రానేలేదు. రానివారి పేర్లు కొట్టివేయునపుడు నా చేయి వణకెడిది.

పెద్దలారా, మీ మాటకు ఊరిలో విలువ కలదు. కౌలు మాట జరిగిన చోట వ్రాతకు మీరు సాక్షులు కండు. ఏ బిడ్డయైన బడి మానినచో ఆ సాయంకాలమే వాని గుమ్మము త్రొక్కుడు. ధాన్యమును కొలుచునపుడు గింజ పోకుండ చూచు మనము, పేరు పోకుండ చూడలేమా?

సెలవు.